పావంగుళం తక్కువ

వర్లీన్ టిడ్‌మోర్‌కు రెండు గుణాలున్నాయి. సందేహం వచ్చిందంటే తీరేదాకా కుదురుండదు. ఏది విరిగినా అతికించందే ఊరుకోదు. ఆమె వంటింట్లో సగం కప్పుల చెవులు జిగురు మీదే బతుకుతున్నాయి. వాటిలో ఏది విరిగిందో, ఏది విరగలేదో ముప్పై ఆరేళ్ళుగా అదే వంటింట్లో కాఫీ తాగుతున్న మొగుడు రాయిస్‌కు కూడా తెలియదు. అంత నేర్పరి.

స్కూలు బస్సు నడపడం ఆమె ఉద్యోగం. నలభై అడుగుల బస్సును ఇరుకు సందుల్లోంచి సూదిలో దారంలా తీసుకుపోతుంది. ఇంట్లో పికప్ ట్రక్కును వెనక్కి తీసేటప్పుడు మాత్రం ఏమవుతుందో ఏమో, గేటు దగ్గరి పోస్టు డబ్బాను రెండుసార్లు, తోటలో కుళాయిని ఒకసారి పడగొట్టింది. అవన్నీ మళ్ళీ నిలబడే ఉన్నాయి.

ఏడాదిగా ఆమెను తొలిచేస్తున్న సందేహం ఒకటే. ఆ రోజు రేవులో డెల్మస్ హార్పోల్ ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి, ఎందుకు నోరు మూసుకున్నాడు?

రాయిస్, డెల్మస్ నలభై ఏళ్ళ స్నేహితులు. రాయిస్ కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. డెల్మస్ గడ్డి కోసే యంత్రాలు బాగుచేస్తాడు. ఇద్దరికీ పిచ్చి ఒకటే, కయాక్ అనే ఒంటిమనిషి పడవలో కూర్చుని బాస్ చేపలు పట్టడం. ఆ ప్రాంతంలో కయాక్‌వాళ్ళకో క్లబ్బుంది, ఏటా అక్టోబరులో ఆఖరి పోటీ. పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోరు, తూకమూ వేయరు. కొలబద్ద మీద పడుకోబెట్టి, మూసిన నోటిని కొలబద్ద మొదట్లో నిలువుగా ఉన్న అడ్డుకు ఆనించి, ఆ రోజు ఇచ్చిన నంబరు చీటీ కనబడేలా ఫొటో తీసి, నీళ్ళలో వదిలేస్తారు. ఎవరి ఐదు చేపల పొడవు కలిపితే ఎక్కువో వాళ్ళదే గెలుపు.

మూడేళ్ళు వరసగా డెల్మస్ గెలిచాడు, మూడేళ్ళూ రెండోస్థానం రాయిస్‌ది. మొదటి ఏడు అరంగుళం తేడా, రెండో ఏడు ముప్పావు, మూడో ఏడు అచ్చంగా పావంగుళం. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "పావంగుళం రాయిస్" అని పేరు పెట్టేశారు. ఆ పేరు మొదటిసారి చెవినపడ్డ రోజే, రేవులో నలభైమంది ముందు, రాయిస్ డెల్మస్ కొలబద్దను లాక్కుని దించిన పికప్ వెనక తలుపు మీద తన కొలబద్ద పక్కన పడేశాడు.

"నీ కొలబద్ద దొంగదిరా. ఎక్కడో ఏదో చేశావు. మూడేళ్ళూ నువ్వే ఎలా గెలుస్తావు?" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడని జనం నవ్వారు. డెల్మస్ నవ్వలేదు. తలుపు మీద పక్కపక్కనే పడి ఉన్న రెండు కొలబద్దలకేసి చూశాడు, వంగి ఇంకొంచెం దగ్గరగా చూశాడు. ఏదో చెప్పబోయి తలెత్తాడు. ఎదురుగా పెకాన్ పప్పుల తీపి 'పై' పళ్ళెం పట్టుకుని వర్లీన్ నిలబడి ఉంది. ఆమె మొహం చూశాడు, నోరు మూసుకున్నాడు. తన కొలబద్ద తీసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ పోటీకీ రాలేదు. తప్పు చేయనివాడు ఎందుకు మానేస్తాడని అప్పటిదాకా నవ్విన జనమే అనడం మొదలుపెట్టారు. గడ్డి యంత్రాలు పక్క ఊరి షాపులో ఇచ్చుకునేవాళ్ళు కూడా తయారయ్యారు.

రాయిస్‌కు కసి తీరాలి కదా. తీరలేదు. పక్కన డెల్మస్ లేని నది అతనికి రుచించలేదు. వేసవి కల్లా చేపలు మానేసి, ఇంట్లో వర్లీన్ వెనకాలే తిరుగుతూ, చిక్కుడుకాయలు ఎలా తుంచాలో ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆమెకు పిచ్చెక్కినంత పనయింది. అక్టోబరు రాగానే ముంగిట్లో కయాక్ బోర్లించి దాని మీద 'అమ్మబడును' అని అట్టముక్క పెట్టాడు. ఆ అట్ట చూసి వర్లీన్ ముంగిట్లోనే ఆగిపోయింది. వాళ్ళ పెళ్ళిలో ఉంగరం జేబులో పెట్టుకుని రాయిస్ పక్కన నిలబడింది డెల్మసే. కయాక్ పోతే, ఆ ఇద్దరూ మళ్ళీ ఎదురుపడే చోటే ఉండదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

సెలవుల వారం, బస్సు లేదు. సోమవారం పొద్దున్నే ఆమె డెల్మస్ షెడ్డుకు వెళ్ళింది.

"కయాక్ అమ్ముతున్నాం డెల్మస్. కొనేవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ఏమడిగినా నాకు జవాబు తెలీట్లా," అంది.

డెల్మస్ చేతిలోని బ్లేడు పక్కన పెట్టలేదు. "రాయిస్‌నడుగు చెల్లెమ్మా," అన్నాడు. చర్చిలో అలవాటైన పిలుపు అది.

"రాయిస్ ఫోనెత్తడు. ఎత్తినా, వాళ్ళకి నచ్చజెప్పి కొననీకుండా చేస్తాడు. నిన్న ఒకాయనకి, నీలాంటివాడికి చెరువు గట్టే మంచిదని చెప్పి పెట్టేశాడు."

డెల్మస్ మూతి కొంచెం వంకర తిరిగింది, నవ్వు ఆపుకున్నట్టు. "ఏమడుగుతున్నారు?"

"వెడల్పెంత, నిలబడొచ్చా అని."

"వెడల్పు మూడడుగులకి రెండంగుళాలు తక్కువ. నిలబడొచ్చు. వెడల్పున్నది మెల్లగా పోద్ది గానీ మనిషిని నిలబడనిస్తది. సన్నది జోరుగా పోద్ది, లేచావో నీళ్ళలో పడేస్తది. వాళ్ళని నువ్వు ఒకటడుగు. ఒంటరిగా బండి మీదకి ఎత్తగలవా అని. ఎత్తలేని కయాక్ రెండుసార్లు నదికెళ్తది, మూడోసారి నుంచి గ్యారేజీలోనే ఉంటది."

"పెడల్ తొక్కేది కొనాలా, తెడ్డు వేసేదా అని ఒకావిడ అడిగింది."

"పెడలుంటే చేతులు ఖాళీ, కానీ బరువు, ఖర్చు, పైగా నాచులో చుట్టుకుంటది. మన వాగుల్లో తెడ్డే మేలు. మిగిలిన డబ్బులు మంచి తెడ్డు మీద, మంచి సీటు మీద పెట్టమను. రోజంతా మోసేవి ఆ రెండే. ఒకటి చేతుల్ని, ఒకటి నడుముని."

వర్లీన్ ఇవన్నీ బస్సు హాజరు పుస్తకం వెనక రాసుకుంది. రాసుకుని పుస్తకం మూసింది. "ఇలా చెబితే నా బుర్రకెక్కదు. రేపు నన్ను తీసుకెళ్ళు," అంది.

డెల్మస్ బ్లేడు పక్కన పెట్టాడు. "రాయిస్‌కి చెప్పి రా. నాతోనని చెప్పకపోయినా, ఏ వాగుకి, ఎన్నింటికొస్తావో చెప్పి రా. నీళ్ళ మీదకెళ్ళేవాళ్ళు ఎక్కడున్నారో గట్టు మీద ఒకడికి తెలిసుండాలి. ఇంకోమాట, కొలబద్ద తేకు. నా దగ్గరుంది."

కొలబద్ద తేవద్దని ఎందుకన్నాడో అన్నది ఆమెకు అప్పటికప్పుడు పుట్టిన రెండో సందేహం.

ఆ సాయంత్రం రాయిస్‌తో, అమ్మే సరుకేదో తెలియకుండా ఎలా అమ్మను, రేపు తెలిసినవాళ్ళతో ఎడమ వాగుకు వెళ్ళొస్తానంది. రాయిస్ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. కానీ పావుగంట తర్వాత గ్యారేజీలో చప్పుడు వినబడింది. చూస్తే కయాక్‌ను లోపలికి లాక్కొచ్చి, ఏడు గాలపు కర్రలు, రెండు పెట్టెల ఎరలు, లంగరు, చేపల్ని చూపించే తెర, దాని బ్యాటరీ, అన్నీ దానికి తాళ్ళతో కడుతున్నాడు.

"ఇవన్నీ నాకెందుకు?"

"ఎప్పుడేం కావాల్సొస్తుందో," అన్నాడు, తలెత్తకుండానే. తన సామాను ఇంకొకరు ఎత్తుకెళ్తుంటే కూడా ముస్తాబు చేయకుండా పంపడం అతనికి చేతకాదు. కొలబద్దను సీటు పక్కన ప్రత్యేకంగా కట్టాడు. ఆమె వద్దనలేదు.

మర్నాడు రేవులో ఆ కయాక్‌ను చూసి డెల్మస్ నడుం మీద చేతులేసుకున్నాడు.

"పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనెట్టుకున్నట్టుంది. నాచులో రబ్బరు కప్ప ఎర వేయడానికి మందపు కర్ర ఒకటి. రబ్బరు వానపాముకి మధ్యరకం ఒకటి. తేటనీళ్ళకి సన్నది ఒకటి. మిగతా నాలుగూ బండిలో పెట్టు. ఒక పెట్టె చాలు." తీసేయగా మిగిలినవి ఒక్కొక్కటీ లాగి చూశాడు. "కట్టడం మాత్రం బాగా కట్టాడు వెధవ. కట్టనిది ఏదైనా నదిదే."

వెధవ అన్న మాటలో ఎంత ప్రేముందో ఆయనకు తెలిసినట్టు లేదు. వర్లీన్‌కు తెలిసింది.

లైఫ్ జాకెట్ ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకోబోతే వేయించాడు. "అక్కడ పెడితే అది తేలుద్ది, నువ్వు కాదు." ఎండ బాగుందని పలచటి చొక్కాతో వస్తే, గాలిని చూసి కాదు నీళ్ళని చూసి బట్టలేసుకోవాలని తన ఉన్ని కోటిచ్చాడు. లంగరు పక్కనుంచి వేయొద్దు, పక్కనుంచి వేస్తే ప్రవాహం కయాక్‌ను బోర్లించేస్తుంది, వేస్తే తోకవైపు నుంచే వేయాలన్నాడు. అడిగినదానికీ చెప్పాడు, అడగనిదానికీ చెప్పాడు. ఏడాదిగా మాట్లాడడానికి మనిషి దొరకనివాడు కదా.

వాగు నదిలో కలిసే చోట పొగమంచు ఇంకా విడలేదు. నీటి మీద తన బరువు తేలుతూ ఉంటే వర్లీన్‌కు చిత్రంగా ఉంది. బస్సంత ఎత్తు నుంచి రోజూ లోకాన్ని చూసే మనిషి, నీటి అంచుకు కళ్ళు పెట్టి చూడడం ఇదే మొదలు. ఎటు చూసినా ఒక ప్రశ్న కనబడింది.

"చేప ఇక్కడుందని ఎలా తెలుస్తది? ఆ తెర లేకుండా?"

"ఆ కొంగని చూడు. అక్కడే ఎందుకు నిలబడింది? చలి మొదలయ్యేసరికి చిన్న చేపలు వాగుల్లోకి ఎక్కుతాయి. వాటి వెనక బాస్ వస్తది. కొంగకి బ్యాటరీ అక్కర్లేదు."

"రాయిస్ ఆ తెర కోసం ఆర్నెల్లు డబ్బు దాచాడే."

"తెలుసు. కొనడానికి నేనే తోడెళ్ళా. లోతు చూడ్డానికి పనికొస్తది. చేప నోరు తెరవడానికి పనికిరాదు."

నాచు అంచున రబ్బరు కప్పను ఎలా వేయాలో, ఎలా రెండు గెంతులు గెంతించి ఆపాలో చూపించాడు. మొదటిసారి నీళ్ళు భళ్ళున చిమ్మగానే వర్లీన్ కర్ర లాగేసింది. కప్ప ఎగిరొచ్చి ఆమె టోపీకి తగిలింది, చేప లేదు.

"చప్పుడు విని లాగకు. బరువు తగిలాక లాగు."

"అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా?"

"అదే కష్టం. రాయిస్‌కి పదేళ్ళు పట్టింది."

నాలుగోసారి ఆమె పళ్ళు బిగబట్టి ఆగింది. కర్ర చివర బరువు వేలాడింది. లాగింది. కయాక్ ముక్కు గిర్రున తిరిగి చేప వెనకాలే బయలుదేరింది.

"లాగనీ," అన్నాడు డెల్మస్ వెనకనుంచి. "అదే షికారు తిప్పుద్ది. నీ ముక్కు నీ మోకాళ్ళ మధ్య ఉంచు, చాలు. పక్కకి వంగావో నువ్వూ చేపా ఒకచోటే ఉంటారు."

ఆమె వంగలేదు. చేప అలిసిపోయి పక్కకు వచ్చాక, కింది దవడను బొటనవేలితో పట్టి ఒళ్ళోకి ఎత్తుకుంది. పచ్చగా, బరువుగా, నోరు దోసిలంత. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చిన్నపిల్లలా కేక పెట్టింది. రాయిస్ పదేళ్ళు ఇంటికి ఆలస్యంగా ఎందుకు వచ్చేవాడో ఆ ఒక్క నిమిషంలో అర్థమైంది, అన్నాళ్ళు సణిగినందుకు కొంచెం సిగ్గేసింది.

కొలబద్ద సీటు పక్కనే ఉంది. పొడి ప్లాస్టిక్ చేప ఒంటి మీది జిగురును ఊడదీస్తుందని రాయిస్ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి, నీళ్ళలో ముంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆగు, నాది ఇస్తా," అన్నాడు డెల్మస్, తెడ్డు వేస్తూ.

అప్పటికే చేప నోరు అడ్డుకు ఆనింది, తోక పద్దెనిమిది మీద ఆగింది.

"పద్దెనిమిది," అంది వర్లీన్. అంటూనే ఆయన మొహం చూసింది. ఏడాది కిందట రేవులో చూసిన మొహమే అది. చెప్పబోయి మింగేసిన మొహం.

"నీది కూడా ఇలా ఇవ్వు."

"చేపకి ఊపిరాడదు, వదిలెయ్."

ఆమె చేపను వదలలేదు. దవడ పట్టుకునే కయాక్ పక్కన నీళ్ళలో ముంచి, అది మొప్పలాడించేదాకా ఆగింది. రెండో చేయి చాపింది. డెల్మస్ ఇచ్చాడు, ఇవ్వక తప్పలేదు. ఆయన కొలబద్ద మీద తోక పద్దెనిమిది దాటి పావంగుళం దగ్గర ఆగింది.

చేపను వదిలేసింది. అది ఒక్క తోక దెబ్బతో ఆమె మొహం తడిపి పోయింది. ఆమె తుడుచుకోలేదు. తన శాండ్‌విచ్ డబ్బాను రెండు కొలబద్దల మీదా పెట్టి చూసింది. మళ్ళీ పావంగుళం తేడా. రెంటినీ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుంది. డెల్మస్‌దానిలో అంకెలు అడ్డు మొదలు నుంచే మొదలయ్యాయి. రాయిస్‌దానిలో అడ్డుకూ మొదటి గీతకూ మధ్య సందుంది. చేప నోరు ఆ సందులోకి పోతుంది, తోక పావంగుళం వెనకబడుతుంది. ఐదు చేపలకు అంగుళంపావు.

అడ్డు మొదట్లో గోరు పెట్టి గీసింది. మామూలు చేతికి తగలనంత నున్నటి అతుకు. ఆమె చేతికి తగిలింది, ఎందుకంటే ఆ చెయ్యే దాన్ని గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో నున్నగా రుద్దింది.

మూడున్నరేళ్ళ కిందట, మార్చి నెల. కొలబద్ద పచ్చికలో ఆరుతోంది. ఆమె పికప్ వెనక్కి తీసింది, చిన్న చప్పుడు. రాయిస్ లోపల ఫోన్లో ఉన్నాడు. అడ్డు మొదలుకి కాస్త పైన విరిగింది, ఆ మొదలు కొలబద్దకే అంటుకుని మిగిలిపోయింది. దాన్ని చెక్కేసే ఓపిక లేక, దానికి బయటివైపు ఆనించి అతికించేసింది. ఆ మొదలు మందం పావంగుళం. సాయంత్రానికల్లా ఆ సంగతే మర్చిపోయింది. ఎన్నని గుర్తుంటాయి.

మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే అది రాయిస్ మద్దెలే, దానికి చిల్లి పెట్టింది పెళ్ళాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆమె ఏడాదిగా వెతుకుతున్న జవాబు ఆమె గ్యారేజీలోనే వేలాడుతోంది.

"నీకు ఆ రోజే తెలిసింది," అంది.

"పక్కపక్కన పడేశాడుగా. కనబడింది."

"అతికించింది నేనని ఎలా తెలుసు?"

"మా ఆవిడ పూలకుండీ అతికించింది ఎవరు? ఆ చేతిపని ఈ కౌంటీలో ఇంకెవరిది?" డెల్మస్ తెడ్డును మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. "నేనేం దేవుణ్ణి కాను చెల్లెమ్మా. నలభైమందిలో దొంగన్నాడు, కుళ్ళి చావనీ అని కూడా అనుకున్నా. కానీ నోరు తెరిచేసరికి ఎదురుగా నువ్వున్నావు, ఆ తీపి పళ్ళెం పట్టుకుని. చెబితే ఆ కోపమంతా నా మీంచి నీ మీదకి తిరుగుద్ది. నాతో మాట్లాడకపోతే వాడికి నేనొక్కణ్ణే పోతాను. నీతో మాట్లాడకపోతే వాడికి ఇంకేం మిగులుద్ది?"

"మరి పోటీలెందుకు మానేశావు? ఊరంతా నిన్ను దొంగంటోంది."

"పొట్టి కొలబద్దవాడి మీద గెలిచి ఏం చేసుకోను?"

ఆమెకు ఏడుపొచ్చింది. కయాక్‌లో ఏడవడం కూడా మోకాళ్ళ మధ్యకే ఏడవాలని తెలిసింది.

మంగళవారం ఇది. బుధవారం, గురువారం ఆమె ఏమీ చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం రాయిస్ కునుకు తీస్తుంటే గ్యారేజీలోకి వెళ్ళి, జిగురు గొట్టం, చిన్న ఉలి ముందేసుకుని కూర్చుంది. అడ్డు ఊడదీసి, మిగిలిన మొదలు చెక్కేసి, మొదటి గీత దగ్గర సరిగ్గా అతికిస్తే పది నిమిషాల పని. ఎవరికీ తెలియదు. రాయిస్ ఇకనుంచి గెలుస్తాడు. కానీ డెల్మస్ దొంగగానే మిగిలిపోతాడు, తన చేతులతో తనే రెండోసారి చేసినట్టవుతుంది. ఉలి అంచు అతుకులో పెట్టింది కూడా. తర్వాత తీసేసి, జిగురు గొట్టం మూత బిగించింది.

శుక్రవారం పొద్దున వేడి బిస్కెట్ రొట్టెలు, వాటిలోకి గ్రేవీ బల్ల మీద పెట్టి, వాటి పక్కన కొలబద్దను, రాయిస్ వడ్రంగి ఉక్కు బద్దను పెట్టింది. రెంటినీ జతచేసి చూపించింది.

రాయిస్ చెంచా కింద పెట్టాడు. రెండుసార్లు కొలిచాడు, కళ్ళద్దాలు పెట్టుకుని మూడోసారి కొలిచాడు. మొహం విప్పారింది.

"అంటే మూడేళ్ళూ నేనే గెలిచాను."

"అవును."

"మూడేళ్ళూ." బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కొట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "డెల్మస్‌ది సరైనదే అయితే..." ఆ మాట పూర్తి చేయలేదు. కొలబద్దను వెలుగులోకి ఎత్తి అడ్డు మొదలు చూసి, "ఎవరు అతికించారిది?" అన్నాడు.

"నేనే. బండి ఎక్కించాను, అతికించాను, మర్చిపోయాను. డెల్మస్‌కి ఆ రోజే తెలిసింది. నువ్వు నన్ను తిడతావని నోరు మూసుకున్నాడు."

రాయిస్ ఆమె వైపు చూడలేదు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. గ్రేవీ చల్లారి గడ్డకట్టింది. ఆ రోజంతా ఒక్క మాట లేదు, తిట్టు కూడా లేదు. తిడితే బావుండునని ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి అనుకుందామె.

శనివారం మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రం హాల్లో క్లబ్బు ఏడాది విందు. బాస్ పట్టేవాళ్ళ విందులో బాస్ వండరు, వేయించిన జెల్ల చేపలే. వర్లీన్ క్యాబేజీ సలాడ్ గిన్నెతోపాటు రాయిస్ కొలబద్దా, డెల్మస్ దగ్గర అడిగి తీసుకున్న కొలబద్దా తెచ్చింది. డెల్మస్‌ను ముందురోజే షెడ్డుకు వెళ్ళి బతిమాలింది, వచ్చాడు. తలుపు దగ్గరి బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. రాయిస్ విడిగా తన బండిలో వచ్చి, గదికి ఆ చివర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అందరూ వడ్డించుకున్నాక వర్లీన్ లేచింది. బస్సులో అరవైమంది పిల్లల్ని అదుపు చేసే గొంతు అది, మైకు అక్కర్లేదు.

"పోయినేడు రేవులో మీరంతా విన్నారు. ఇప్పుడిది కూడా వినండి. దొంగ కొలబద్ద డెల్మస్‌ది కాదు, మాది. దాన్ని పాడుచేసింది నేను." రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "వచ్చి చూసుకోండి."

వచ్చి చూసుకున్నారు. తలలు ఊపారు. కొందరు డెల్మస్ వైపు చూడలేక పళ్ళెంలోకి చూశారు. క్లబ్బు పెద్ద లాయల్ వేళ్ళ మీద లెక్క వేసుకుని, "అయితే ఆ మూడు కప్పులూ రాయిస్‌వే అవుతాయి కదా," అన్నాడు.

"అవ్వవు."

రాయిస్ గోడ వైపు నుంచి తిరిగాడు. "ఫొటోలో ఎంతుంటే అంతే పొడవు. రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నా. తన కొలబద్ద తను చూసుకోనివాడు ఓడిపోవాల్సిందే." ఆ మూడు గెలుపులూ అతని చేతిలో ఉన్నది ఒక్క రోజు. "డెల్మస్‌ని ఒక మాటన్నాను. ఇదే నలభైమంది ముందు అన్నాను. ఆ మాట తప్పు. నేను తప్పు."

రాయిస్ గది ఈ చివరికి నడిచి వచ్చాడు. వస్తూ వస్తూ వర్లీన్ పక్కన ఒక్క క్షణం ఆగాడు. "ఇంట్లో ఇంకా ఏమేం అతికించావు?" అని మెల్లగా అడిగాడు.

"ఒక్కరోజులో చెప్పలేను," అంది ఆమె.

అతని భుజం ఆమె భుజానికి తగిలింది, కావాలనే. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి అతను తలుపు దగ్గరి బెంచీ ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళెం కూడా లేకుండా.

"జరుగు," అన్నాడు డెల్మస్‌తో.

డెల్మస్ తలెత్తి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఎంత జరగమంటావ్? పావంగుళం చాలా?"

"చాలదు," అన్నాడు రాయిస్. డెల్మస్ జరిగాడు.